రఫ్ఫమ్మ కళ్ళు

"ఇది నా కోటు కాదు. నా కోటు మోచేతి దగ్గర అగ్గిపెట్టెంత చిరుగుండాలి. ఏదీ?" అని ఆ పెద్దమనిషి మా లాండ్రీ బల్ల మీద గుద్దాడు.

"చిరుగు బాగుచెయ్యమని ఇచ్చి, చిరుగేదని అడుగుతారేంటండీ?" అంది రఫ్ఫమ్మ.

"బాగుచేస్తే అతుకు కనపడాలిగా! మార్చేశారు మీరు."

"అతుకు చూపించండి. చూపిస్తే కొత్త కోటు నేనే కుట్టించి ఇస్తా."

ఆయన గుమ్మం దగ్గర వెలుగులోకి వెళ్ళి కోటు తిరగేశాడు, మరగేశాడు, గోటితో గీకాడు. వెంట వచ్చిన భార్య కూడా వెతికింది. చివరికి రఫ్ఫమ్మ ఆ కోటు జేబులో చెయ్యి పెట్టి సగం వాడిన మాత్రల అట్ట తీసింది. "మీ దగ్గు మాత్రలు కూడా నేనే మార్చేశానా?" భార్య ఫక్కున నవ్వింది. ఆయన కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

చిరిగిన బట్టలో పోగుకు పోగు కలిపి నేసి, చిరుగు ఆనవాలు లేకుండా చెయ్యడాన్ని రఫ్ఫు అంటారు. కోటు లోపలి మడతలోంచి పోగులు లాగి, చిరుగులో ఒకటి పైకి, ఒకటి కిందికి అల్లాలి. నేను ఆ లాండ్రీలో ఇస్త్రీ చేసేదాన్ని. రఫ్ఫమ్మ కిటికీ పక్కన స్టూలు మీద కూర్చునేది. కూర్చోగానే సీసా అడుగంత మందం కళ్ళద్దాలు తీసి గోడ మేకుకు తగిలించి, బట్టను ముక్కుకు ఆనించుకునేది. జానెడు దూరంలోపల ఆమెకు కనపడని పోగు లేదు. జానెడు దాటితే అంతా పొగమంచే. అద్దాలు పెడితే వీధి కనపడేది, పోగు కనపడేది కాదు.

చిన్నప్పుడు బోర్డు కనపడక పంతులమ్మ చేత రోజూ దెబ్బలు తినేదట. ఆ రోజుల్లోనే ఇంట్లో ఒక చీరలో జరీపోగులు లెక్కపెడుతుంటే మేనమామ చూసి, బడి మాన్పించి సూది చేతికిచ్చాడట. బోర్డు కనపడని కళ్ళే అన్నం పెట్టాయి. అందుకే ఆ కళ్ళను ఎవరైనా జాలిగా చూస్తే ఆమె ఊరుకునేది కాదు.

ముప్పై ఏడేళ్ళకు ఒక్కగానొక్క ఆడపిల్ల పుట్టింది. మొగుడు సరుకు లారీ నడిపేవాడు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. పిల్లకేమో గొంతు పెగలదు. దాహమేసినా చెవిలో చెప్పే రకం.

పిల్లకు ఆరేళ్ళప్పుడు ఒకనాడు, బడి ముందర గుంపులో ఎవరి మోచెయ్యో తగిలి రఫ్ఫమ్మ అద్దాలు కింద పడ్డాయి. ఎవరో తొక్కేశారు. ఆమె నేల తడుముకుని లేచి, రోడ్డు వైపు తిరిగి నిలబడింది. పిల్ల అప్పటికే మిగతా పిల్లలతో కలిసి రోడ్డు దాటి అవతల ఉంది. పిలవకుండా చెయ్యి ఊపింది. అమ్మ తన వైపే చూస్తోంది, పలకడం లేదు. అమ్మకు కోపమొచ్చిందేమో అనుకుని పిల్ల రోడ్డు మీదికి దిగేసింది.

"బ్రేకు చప్పుడు వినపడింది పెద్దమ్మా. ఎవరి కోసమో తెలీలేదు," అని రఫ్ఫమ్మ నాతో చెప్పింది.

పిల్ల చెప్పు ఒకటి చక్రం కింద పోయింది. పిల్ల దక్కింది.

అప్పటినుంచి రఫ్ఫమ్మకు తిండి సయించలేదు. అద్దాలకు తాడు కట్టింది, రెండో జత సంచిలో పెట్టింది, అయినా ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడేది. అద్దాల అవసరం లేకుండా చేసే లేజర్ ఆపరేషన్ చేయించుకుంటానని కళ్ళ ఆసుపత్రికి వెళ్ళింది. నల్లగుడ్డు మీది పొర మందం కొలిచారు. నంబరు ఎక్కువే, పొర బొటాబొటిగా సరిపోతుంది, చెయ్యొచ్చు అన్నాడు డాక్టరు. ఏం పని చేస్తావని అడిగితే కుట్టుపని అంది. ఈ వయసులో దగ్గర చూపుకు వేరే అద్దాలు కావాల్సి వస్తుంది, ముందు ఈ కాంటాక్ట్ లెన్సులు మూడు రోజులు పెట్టుకుని చూడు, ఆపరేషన్ అయ్యాక చూపు ఇలాగే ఉంటుంది అని పంపాడు.

మొదటి రోజు పొద్దున ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. "పెద్దమ్మా, రోడ్డు అవతల నుంచి దాని ముక్కు మీద మచ్చ కనపడింది!" అని ఏడ్చింది. ఏడుస్తూనే స్టూలు మీద కూర్చుని బట్టను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. అలవాటుగా అద్దాల కోసం చెయ్యి మొహం మీదికి పోయింది. తియ్యడానికి అక్కడ ఏమీ లేవు.

బట్ట అలికేసినట్టుంది. దగ్గర చూపు అద్దాలు పెట్టింది, భూతద్దం పట్టింది. పోగు లావుగా కనపడింది గాని సూది ఒక చోట, వేలు ఒక చోట. మూడో రోజుకు ఒక శాలువా పాడుచేసింది, లాండ్రీలో చేరిన ఇరవై ఏళ్ళలో మొదటిసారి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని నా ఇస్త్రీ బల్ల కింద నేల మీద కూలబడింది.

"ఇది అద్దాలు తీసే ఆపరేషన్ కాదు పెద్దమ్మా. అద్దాలు కంట్లో పెట్టి కుట్టేసే ఆపరేషన్. ఇక తీసి మేకుకు తగిలించలేను."

"అవ్వా కావాలి, బువ్వా కావాలంటే ఎలాగే?" అన్నాను.

"అవ్వ నా కూతురు, బువ్వ నా సూది. ఏది వదలమంటావు?"

నేను ఆమె ఒళ్ళోంచి శాలువా తీసి మడతపెట్టాను.

మర్నాడు వెళ్ళి ఒక్క కన్నుకే చెయ్యమని డాక్టరు కాళ్ళావేళ్ళా పడింది. ఒకటి పిల్లకు, ఒకటి పనికి అంది. రెండు కళ్ళకూ అంత తేడా ఉంటే తల తిరుగుతుంది, మెట్టు మీద అడుగు తప్పుతుంది, నేను చెయ్యను అన్నాడాయన. లెన్సులు డబ్బీలో పెట్టి ఇచ్చేసింది. అటునుంచి సరాసరి నా దగ్గరికొచ్చి, తనే ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపింది.

"వద్దని చెప్పొచ్చాను. ఇక నా చూపు ఇంతే. ఏటా ఇంకాస్త తగ్గుతుంది కూడా. రేపు మళ్ళీ అద్దాలు పడిపోతే పిల్ల ఎక్కడుందో నాకు తెలియాలి కదా?" అంటూ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు కేకేస్తే వీధి చివర బస్సు ఆగుతుంది. సాయంత్రాలు దాన్ని ఇక్కడికి తీసుకొస్తా. దానికి అరవడం నేర్పు పెద్దమ్మా."