పువ్వు దగ్గర ఆగిన పేరు

1999, శ్రావణ మాసం, శనివారం.

మా పై వాటాలో అద్దెకుండే డ్రాయింగ్ మాస్టారు ఆషాఢం ఆఖరి మంగళవారం పొద్దున హఫీజ్‌పేట్ బస్టాపులో కూలబడిపోయారు. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయిందన్నారు. నిన్నటితో దినాలు ముగిశాయి. కాలనీ పత్రికకు నాలుగు మాటలు రాసిమ్మని అడిగారు. పొగడ్తలు నాకు చేతకావు. కానీ ఆయన సగంలో వదిలి వెళ్లిన పని ఒకటుంది. అది పూర్తి కావాలంటే మీ అందరి సాయం కావాలి. అందుకే రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆయన పెళ్లికార్డుల మాస్టారు. అంతకు ముందు మెదక్ జిల్లా సర్కారు బడుల్లో బొమ్మలు నేర్పారు. రిటైరయ్యే నాటికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఒకసారి మా గేటు మీద ఇంటి నంబరు రాస్తానని రంగూ కుంచే పట్టుకుని కూర్చున్నారు. సగం రాసి, గుడ్డతో తుడిచేసి, పెయింటు మంచిది కాదమ్మా అన్నారు. పెయింటు నేను కొన్నదే, మంచిదే. ఆ మాట ఆయనతో అనలేదు.

తర్వాత మాదాపూర్‌లో ఒక డీటీపీ షాపులో చేరారు. చుట్టూ అద్దాల మేడలు లేస్తున్నాయి, రోజుకో ప్రారంభోత్సవం, కార్డుల పనికి కొదవలేదు. అక్కడ కంప్యూటర్‌లో ఆయనకు బొమ్మల ఫాంటు కనిపించింది. మామూలు అక్షరం కొట్టి ఆ ఫాంటు పెడితే, అక్షరం బదులు గంటో, పువ్వో, చుక్కో పడుతుంది. వణికే వేలితో నొక్కినా పువ్వు వంకర పోదు. ఆ సంగతి చెప్పిన రోజు ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

మా మనవడి ఒడుగు కార్డు కోసం నేను ఆ షాపుకు వెళ్లాను. నా పేరు కొట్టి, బొమ్మలుగా మార్చి, మళ్లీ అక్షరాలుగా మార్చారు. నేను ఉద్యోగమంతా లెక్కల శాఖలో చేసిన మనిషిని. ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోయి తిరిగి వచ్చిన దేంట్లోనైనా ఎంతో కొంత తరుగు పడుతుందని నా అనుభవం. మళ్లీ మార్చమని, దగ్గరకు జరిగి ఒక్కో అక్షరం సరిచూశాను. ఆయన నవ్వారు.

"లెక్క కుదిరిందా మేడం? అక్షరం ఏడికీ పోదు. బట్టలు మార్చుకుంటది, గంతే."

ఆయన భార్య కమలమ్మకు చదువు లేదు. చిన్నప్పుడు బడికి పోతే, గొడ్లను ఎవరు చూస్తారని వెనక్కి తెచ్చేశారట. అక్షరాలున్న కాగితం ఎదురుపడితే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటుంది. ఆమెకు సంతకం నేర్పాలని ఆయన పట్టుదల. నేను పలక, బలపం కొనిచ్చాను. నాకు అప్పగిస్తే నెలలో నేర్పిస్తానని కూడా అన్నాను. ఆయన రెండూ తిరిగి ఇచ్చేశారు.

"మీరు నేర్పిస్తరు మేడం, నాకు తెల్సు. కానీ ఆమె మిమ్మల్ని జూస్తే భయపడ్తది, పలకను జూస్తే ఇంకా భయపడ్తది. పువ్వును జూస్తే భయమెందుకు?"

కమల అనే మూడు అక్షరాల పేరును బొమ్మలుగా అచ్చు తీసి పొయ్యి పైన గోడకు అతికించారు. గంట, పువ్వు, చుక్క. అది నీ పేరు అన్నారు. వంట చేస్తూ ఆమె దాన్ని చదివేది. బాగా అలవాటయ్యాక కొత్త కాగితం తెచ్చారు. అందులో గంట ఉండాల్సిన చోట 'క' ఉంది. నా గంటను ఏం చేసినవని ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆదివారం షాపుకు తీసుకెళ్లి చూపించారు. గంట 'క' అయింది, 'క' మళ్లీ గంట అయింది. ఆమె చాలనే వరకు మారుస్తూనే ఉన్నారు. ఆ వారమే పెన్సిలుతో 'క' రాసి, కిందికొచ్చి నాకు చూపించింది. కొంచెం పక్కకు వాలినా, అది 'క'యే.

పువ్వు వంతు రాకముందే ఆయన పోయారు.

నిన్న ఆయన తమ్ముడు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు తెచ్చాడు. మంచివాడే, వదిన మేలు కోరి తెచ్చాడు. వేలిముద్ర చాలు వదినా, నిమిషం పని అన్నాడు. కమలమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది.

"ఆయన పేరు పక్కన నేను ఏలుముద్ర ఎయ్య."

అతను దిగి వెళ్లాక, పొయ్యి పైన కాగితం ముందు ఇద్దరం నిలబడ్డాం. 'క', పువ్వు, చుక్క. తర్వాతి అక్షరం రాసి చూపిద్దామని నేను పెన్సిలు తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లలో ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

"పువ్వు లోపల ఏమున్నదో నీకు ఎరికే గదమ్మా. చెప్పకు. ఆయన మార్చి చూపెడ్తనన్నడు."

ఇక జరగవలసినవి:

1. షాపు యజమాని మాస్టారు వాడిన కంప్యూటర్ అమ్మేస్తున్నాడు. ఈ లోపే కమలమ్మ పేరున్న ఫైలునూ, బొమ్మల ఫాంటునూ ఫ్లాపీలోకి ఎక్కించాలి. సోమవారం నేనే వెళ్తాను.

2. ఫాంటు మార్చడం నేను నేర్చుకోవాలి. షాపులో అమ్మాయి నేర్పుతానంది. మౌసు ఇంకా నా మాట వినడం లేదు.

3. కమలమ్మను షాపులో ఇంకో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పువ్వును అక్షరంగా మార్చి చూపించాలి. మళ్లీ పువ్వుగా కూడా. ఆమె చాలనే వరకు.

4. అంతవరకు కాలనీలో ఎవరూ ఆమెకు ఆ అక్షరం చెప్పకూడదు. మీ పిల్లలకూ ఈ మాట చెప్పండి.

5. చుక్కకు తొందర లేదు. పువ్వు చేతికి వచ్చాకే చుక్క. పెన్షన్ కాగితాలు అప్పటిదాకా నా బీరువాలో ఉంటాయి. తొందరపడే వాళ్లు నాతో మాట్లాడాలి.

6. సంతకం రోజున ఆమెతో ఆఫీసుకు నేను వెళ్తాను. బల్ల దగ్గరకు ఆమె ఒక్కతే వెళ్తుంది. నేను వరండాలో, గోడవైపు తిరిగి కూర్చుంటాను.