కుక్క సూది

నేను ఒక చోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు. వండుతూ ఫోన్ మాట్లాడతాను, ఫోన్ మాట్లాడుతూ బట్టలు ఆరేస్తాను. ఆ రోజు కూడా అంతే.

అప్పుడు మంచిర్యాలలో ఆపరేషన్ అయిన మా చెల్లెలి దగ్గర ఉన్నాను. నెల దాకా కదిలే వీలు లేదు. ఇక్కడ గోదావరిఖని క్వార్టర్లో మా ఆయన, మా కుక్క. దానికి ఏటా వేయించే రేబిస్ టీకా గడువు దగ్గరపడిందని నాకు ఒకటే రంది. ఫోన్ చేసి అడిగాను.

"కుక్క సూది అయిందా?"

"అయింది. చెయ్యి ఒకటే గుంజుతున్నది."

పశువుల దవాఖాన దాకా గొలుసు పట్టుకుని లాక్కెళ్లి ఉంటాడు, గుంజదా మరి అనుకున్నాను.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు పక్క క్వార్టర్ పిల్ల, మా కుక్క బొక్క కొరుకుతుంటే దాని మూతి దగ్గర చెయ్యి పెట్టింది. అది చటుక్కున కరిచింది. ముంజేతి మీద గాట్లు పడి నెత్తురొచ్చింది. వాళ్లది కోస్తా వైపు. తల్లికి కుక్కలంటే మొదటి నుంచీ వణుకు. ఆమె ఏడుస్తూ సబ్బుతో పిల్ల చెయ్యి కడుగుతుంటే నేను పెద్ద ఆరిందాలా అన్నాను:

"ఫికర్ చెయ్యకు వదినా. మా దానికి సూది పడ్డది."

"మీరు చెబితే ఇంకేం కావాలండి," అని ఆమె కళ్లు తుడుచుకుంది.

మా ఆయన మొదటి షిఫ్టు దిగి వచ్చాడు. చెప్పులు విప్పకముందే మీద పడ్డాను.

"కుక్కకు సూది ఏ డాక్టర్ ఏసిండు?"

"కుక్కకెక్కడిది? నాకు గదా ఏసింది!"

ప్యాంటు మడిచి పిక్క చూపించాడు. నేను లేనప్పుడు, డ్యూటీ బస్సు దిగుతుంటే వీధికుక్క పట్టిందట. మా దగ్గర కుక్క సూది అంటే కుక్క కరిచిన మనిషికి వేసేదే.

"నువ్వడిగినవ్, అయిందన్న. మా అవ్వ ఫోన్ చేసి నీకు చెప్పిందేమో అనుకున్న."

"నీ నోట్లె మన్నువడ! గంత ముచ్చట పెండ్లానికి చెప్పవా?"

ఇంకా తిట్టడానికి తీరిక లేదు. పక్కింటికి పరిగెత్తాను. ఆమె నిమ్మళంగా పిల్లకు అన్నం తినిపిస్తోంది.

"సూది పడ్డది మా కుక్కకు కాదు వదినా, మా ఆయనకు."

ఆమె మొదట నవ్వింది. తర్వాత మొహం తెల్లబోయింది. "మీరు చెప్పారనే కదండీ నేను ఊరుకున్నాను," అంది మెల్లగా. అరిచి ఉంటే ఎంత బాగుండేదో!

ముగ్గురం ఆటోలో దవాఖానకు పోయాం. పిల్లకు గాయం చుట్టూ ఒక సూది, భుజానికి ఒకటి వేశారు. కుక్కకు టీకా పడ్డా సరే, కరిస్తే మనిషిని తీసుకురావలసిందేనని డాక్టరమ్మ మందలించింది. పిల్లకు మిగతా సూదులు తప్పకూడదు, కుక్కను కట్టేసి పది రోజులు కనిపెట్టి చూడండి, తిండి మానినా, తీరు మారినా వెంటనే రండి అంది.

ఇక నాకు నిలకడ ఎక్కడిది! అది నీళ్లు తాగితే గొంతు చూశాను. మొరిగితే గొంతు మారిందేమో అనుకున్నాను. "నువ్వు గిట్ల చూస్తె పిచ్చి దానికి కాదు, నీకు లేస్తది," అన్నాడు మా ఆయన. రోజూ ఆమె గోడ అవతలి నుంచి "తిన్నదా అండి?" అని అడిగేది. "తిన్నది వదినా," అనేదాన్ని.

ఒక పొద్దున అది పాలన్నం వాసన చూసి మొహం తిప్పుకుంది. గిన్నె ముందుకు జరిపాను. ముట్టలేదు. ఆమె గోడ దగ్గరే నిలబడి ఉంది.

"వదినా... తింటలేదు," అన్నాను. ఏడుపొచ్చేసింది.

"తినదండి," అంది తల వంచుకుని. "ఇందాక మీరు లేవకముందు నేనే పెరుగన్నం పెట్టాను. కడుపు నిండా తింది. మీరు రోజూ తిన్నదనే అంటున్నారు గానీ... మీ మాట నమ్మి ఊరుకోలేకపోయానండి."

ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఆ మాట వచ్చి తగిలింది.

పది రోజులూ క్షేమంగా దాటాయి. కుక్కకు టీకా వేయించడానికి నేనే బయల్దేరాను. ఆటో ఎక్కుతుంటే ఆమె ఇంటికి తాళం వేసి, పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చింది. "దానికి సూది పడేది నేనూ చూస్తానండి," అంది. పక్కకు జరిగి చోటిచ్చాను.