చేప నూనె పట్టిన గేర్ పెట్టె

2023 జూన్ మొదటి వారం. బరంపురం హల్దియాపదర్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డు. వాన ఇవాళో రేపో అన్నట్టుంది, గాలి నిండా తేమ. నా పనికి అంతకన్నా పాడు కాలం లేదు.

నా పని బ్లాస్టింగ్. కంప్రెసర్ గాలి ఒత్తిడితో గరుకు పొడిని నాజిల్ గుండా ఇనుము మీదికి కొట్టి తుప్పు వదలగొట్టడం. మూడు తరాలుగా ఈ ఊళ్ళో పెయింట్లు, ఇనుప సామాన్లు అమ్ముకునే తెలుగు వర్తకుల కుటుంబం మాది. జనం తుప్పు మీదే రంగు పూసుకుని, అది పెచ్చులూడగానే "మీ పెయింటు దండగ" అంటూ కొట్టు మీదికి దెబ్బలాటకి వచ్చేవారు. తుప్పు తీయకుండా రంగేస్తే అది నా తప్పా? ఒకసారి ఒళ్ళు మండి, పాత కంప్రెసర్ ఒకటి, బ్లాస్టింగ్ పాట్ ఒకటి తెప్పించి షెడ్డులో బిగించేశాను. పాట్ అంటే పొడి నింపే గట్టి ఇనుప కుండ. ఆడవాళ్ళకి ఇదేం పని అని మా ఆయన అనలేదు. అనే ధైర్యం లేదు ఆయనకి.

ఏటి ఇసక వాడితే చవకే కదా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ వస్తారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటే మళ్ళీ బయటికి రాదు. ఇసక మాటెత్తిన వాళ్ళని మర్యాదగా గేటు దాకా సాగనంపుతాను. నేను వాడేది గార్నెట్. ఛత్రపురం వైపు సముద్రపు ఒడ్డున ఎర్రగా మెరిసే రాతి గింజ ఉంటుందే, అదే. కొట్టాక జల్లెడ పట్టి మళ్ళీ వాడుకోవచ్చు. తలకి బయటి నుంచి మంచి గాలి అందే హెల్మెట్, చేతులకి తోలు తొడుగులు, చుట్టూ టార్పాలిన్లు లేనిదే నాజిల్ పట్టను.

ఆ రోజు ఆర్యపల్లి నుంచి ఒక ఆటో వచ్చింది. ఆటో ఆగకముందే వాసన దిగింది. వెనకే నూకమ్మ దిగింది. నలభై దాటిన మనిషి, చేపలు అమ్మే ఆవిడ. చిరిగిన వలలో చుట్టిన బరువైన సామానొకటి ఆటోవాడి సాయంతో దించి నా షెడ్డు గుమ్మంలో పెట్టింది.

వల విప్పి చూస్తే పడవ ఇంజను గేర్ పెట్టె. ఇంజను తిరుగుడును నీళ్ళలోని పంకాకి అందించే గేర్లు ఇందులో ఉంటాయి. గేర్లూ బేరింగులూ విప్పేసి ఖాళీ పెట్టె తెచ్చింది. పైన రేకు మూత, దాని కింద అంచు ఆకుపచ్చ పెయింటుతో నిగనిగలాడుతున్నాయి. కింద పోత ఇనుము పొట్ట మాత్రం నల్లగా, అట్టలు అట్టలుగా, జిగురుగా ఉంది. గోటితో గీకితే గోరు నిండా జిడ్డు.

"ఏటి రాసినావమ్మా దీనికి?" అన్నాను ముక్కు మూసుకుని.

"సేప నూనండి సావుకారమ్మా. కొన్నకాణ్ణుంచీ ఏట బందయినప్పుడల్లా రాత్తాను. మా అమ్మ పడవ సెక్కకి రాసీది. నాను దీనికి రాత్తన్నాను." ఏటా ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా సముద్రంలో వేట ఆపేస్తారు, ఆవిడ చెప్పే బందు అదే.

"మరి పైన పెయింటో?"

"అది మెకానీకు ఏసినాడు. కింద పెయింటు నిలవదని ఒగ్గీసినాడు. ఇప్పుడు మల్ల సూసి, పొట్ట సచ్చిపోనాది, పాతసామానోడికి అమ్మీమన్నాడు."

నాకూ అలాగే అనిపించింది. పోత ఇనుముని లోపల తుప్పు తినేస్తే అతుకు పెట్టడం కూడా కష్టం. పైగా చేప నూనె! ఆ జిడ్డు తగిలిందంటే నా గార్నెట్ అంతా ముద్దకట్టి పోతుంది, జల్లెడకి కూడా పనికిరాదు. ససేమిరా చేయనన్నాను. తీసుకుపొమ్మన్నాను.

నూకమ్మ కదల్లేదు. గుమ్మంలోనే చతికిలబడింది.

"ఈ మోడలు ఇప్పుడు రాదంట. కొత్త ఇంజనంటే మావల్ల కాదు. మా ఆయన కామయ్య గుజరాతు బోట్లకి ఎల్లిపోతానంతన్నాడు. ఏట తెరిసీలోగా ఇంజను తిరిగితే ఎల్లడు. తిరక్కపోతే నాను ఆపలేను. సచ్చిందో బతికిందో సూసి సెప్పండి, సాలు. సచ్చిందంటే నానే అమ్మీసి ఇంటికెల్తాను."

మా గంజాం జిల్లాలో ఏ ఇంటి తలుపు తట్టినా సూరత్తులోనో గుజరాతు రేవుల్లోనో ఒక మనిషి ఉంటాడు. ఆవిడ అడిగింది అన్యాయమైన మాట కాదు. నాకు నోరు పెద్దదే గానీ గుండె రాయి కాదు.

"సరే. కానీ ముందు ఆ జిడ్డు వదలాల. నువ్వే కడగాల" అన్నాను.

"మీరు సూపించండి, నాను రుద్దుతాను" అని కొంగు బిగించింది.

పెద్ద గంగాళంలో నీళ్ళు మరిగించి చాకలి సోడా పోశాం. ఇనుప గరిటెతో అట్టలు గీకి, పీచుతో రుద్దడం మొదలుపెట్టింది నూకమ్మ. వేడినీళ్ళు తగలగానే ఏళ్ళ తరబడి నిలవున్న ఆ నూనె ఒక్కసారి లేచింది. ఓలమ్మ, ఏం వాసన! వీధిలో ఉన్న పిల్లులన్నీ మా గోడెక్కి కూర్చున్నాయి. పక్కింటి మినతి, ఒడియా ఆవిడ, డాబా మీంచి అరిచింది.

"నానీ, ఎ కి గంధ! ఆజి గురుబార!"

అక్కా, ఇదేం కంపు, ఇవాళ గురువారం అని. గురువారం వాళ్ళింట్లో చేప ముట్టరు. ఆ వేళే నేను వీధంతా చేపల బజారు చేశాను. "కిఛి నాహిఁ, మెషిన్ ధోఉఛు" అని సర్దిచెప్పాను, మెషిన్ కడుగుతున్నామని. మినతి దడాలున కిటికీలన్నీ మూసేసింది.

నీళ్ళు మార్చి మార్చి కడిగి, వేలితో రాస్తే జిడ్డు అంటకుండా అయ్యాక ఎండలో పెట్టాం. బేరింగులు కూర్చునే గుండ్రటి గూళ్ళూ, మూత బిగించే నున్నని అంచూ రబ్బరుతోనూ టేపుతోనూ మూసేశాను. దీన్ని మాస్కింగ్ అంటాం. అక్కడ గార్నెట్ తగిలితే బిగువు పోయి బేరింగులు వదులైపోతాయి. కంప్రెసర్ పైపులో చేరిన నీళ్ళు వదిలేశాను. నూకమ్మని టార్పాలిన్ అవతల, దూరంగా నిలబెట్టాను.

ముందు మూత పట్టాను. అది చూడ్డానికి బాగుంది గదా, తేలిగ్గా అయిపోతుందనుకున్నాను. నాజిల్ అటు ఇటు ఒక్కసారి తిప్పానో లేదో పచ్చ పెయింటు లేచిపోయింది, దాని కింద రేకూ లేచిపోయింది. వేలు పట్టేంత కన్నం! పెయింటు వెనక తుప్పు రేకంతా తినేసి, పైకి మాత్రం కొత్త పెళ్ళికూతుర్లా కూర్చుంది.

గాలి ఆపి మూత బయటికి తెచ్చాను. నూకమ్మ ఆ కన్నంలోంచి ఆకాశం చూసింది.

"పైనే ఇలగుంటే ఇంక పొట్టేటుంతాది" అంది. కూర్చుండిపోయింది.

"మూత రేకుదే, ఏ వెల్డింగు షాపులోనైనా సేత్తారు. ఏడవకు" అన్నానే గానీ, పెట్టె మీదికి నాజిల్ ఎత్తడానికి చెయ్యి రాలేదు. ఒత్తిడి కొంచెం తగ్గించాను. నాజిల్ ఏటవాలుగా, దూరంగా పట్టి, పొట్ట మీద ఒక మూల మొదలుపెట్టాను.

నల్ల మచ్చ కరిగింది. దాని వెనక గోధుమరంగు పొర కరిగింది. ఆ వెనక బూడిద రంగు కనబడింది, లేత వెండి మెరుపుతో. ఇంకాస్త జరిపాను. అక్కడా అదే. గుంట లేదు, పగులు లేదు. పొట్ట చుట్టూ తిప్పుకుంటూ వెళ్ళాను. ఎక్కడ చూసినా నిండైన ఇనుము! మెకానిక్ పెయింటు వేసిన పై అంచు బయటి వైపు మాత్రం చిన్న చిన్న గుంటలు పడి ఉంది, అవీ పైపైనే. ఉప్పునీళ్ళలో నానిన పొట్ట కులాసాగా ఉంది, రంగేసిన నెత్తికే జబ్బు.

హెల్మెట్ తీసి స్పానర్‌తో ఒక్కటి కొట్టాను. ఖంగుమంది. పగిలిన పోత ఇనుము అలా పలకదు.

"నూకమ్మా, రాయే! బతికే ఉన్నాది!"

పరుగెత్తుకొచ్చింది. చూసింది. నమ్మలేదు. ఏళ్ళ తరబడి నూనె రాసిన ఆ చెయ్యి చాపి పొట్ట నిమరబోయింది.

"సెయ్యి తియ్!" అని గావుకేక పెట్టాను. పిల్లులు గోడ దూకాయి.

ఆవిడ బిత్తరపోయింది. నాకే జాలేసి నెమ్మదిగా చెప్పాను. బ్లాస్టింగ్ అయిన ఇనుము చర్మం ఒలిచిన ఒళ్ళు లాంటిది. చేతి చెమట తగిలినా చాలు, వేలిముద్రలు ఎర్రగా తేలతాయి. మా సముద్రపు గాలికి అయితే గంటల్లోనే మొత్తం ఎర్రబడుతుంది. దాన్నే ఫ్లాష్ రస్ట్ అంటాం. తుప్పు తీసిన రోజే, ఇంకా చెప్పాలంటే వెంటనే, ప్రైమర్ పడాలి. అప్పటికే గోపాల్‌పూర్ వైపు ఆకాశం నల్లబడుతోంది.

నా రెండో జత తొడుగులు ఆవిడ చేతికి తొడిగాను. గాలితో దుమ్ము ఊదేసి, ప్రైమర్ కలిపి, బ్రష్షు ఆవిడకే ఇచ్చాను.

"నానా?" అంది.

"మరెవులు? ఇన్నేళ్ళూ రాసింది నువ్వే గదా. రాయ్."

రాసింది. ఒక్క మూల వదల్లేదు. నాకు చూపించి, "ఇక్కడ సాలదా, ఇంకోపాలి ఎయ్యాలా?" అని అడిగి మరీ రాసింది. పై అంచు గుంటల దగ్గర నేను బ్రష్షు తీసుకుని పొడిచి పొడిచి నింపాను. చివరి చెయ్యి అవుతుండగా షెడ్డు రేకుల మీద చినుకులు పడ్డాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. ఆ పూట నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఊళ్ళో ఎంత మందికి చెప్పానో నాకే తెలియదు.

మర్నాడు కామయ్య వచ్చాడు. గుజరాతు మాట ఎత్తలేదు. పెట్టె చుట్టూ తిరిగి, "ఇది మనదేనా?" అన్నాడు అనుమానంగా.

"మరెవులిది? రాత్తంటే కంపు కంపని తిట్టీవోడివి గదా" అంది నూకమ్మ. అతను కన్నం పడ్డ మూత చంకలో పెట్టుకుని, వెల్డింగు షాపు ఎక్కడని అడిగి, పెట్టెని భుజానికెత్తుకున్నాడు.

వేట తెరిచిన రోజు పొద్దున్నే ఫోన్ చేసింది. "ఇనండి సావుకారమ్మా" అని ఫోన్ గాల్లోకి పట్టింది. కెరటాల హోరులో దూరమవుతున్న ఇంజను చప్పుడు వినిపించింది. పడవలో కామయ్య ఉన్నాడని వేరే చెప్పనక్కర్లేకపోయింది. నేను కొట్లో గిరాకీల ముందే కళ్ళు తుడుచుకున్నాను.

అప్పట్నుంచి ఇనుము తెచ్చిన ఎవరినైనా ముందు ఒకటే అడుగుతాను, దీనికి ఏం రాశారు, ఎవరు రాశారు అని. చేప నూనె తుప్పు లోపలికి ఇంకి గాలినీ నీటినీ అడ్డుకుంటుందని తర్వాత తెలుసుకున్నాను. బ్లాస్టింగ్ చేయకముందు చచ్చిందన్న మాట మాత్రం నా నోటి వెంట రాదు, ఎంత మాసిపోయి వచ్చినా సరే. ఆ పెట్టెని నేనే బతికించానని ఆర్యపల్లిలో ఇప్పటికీ చెప్పుకుంటారట. అది అబద్ధం. బతికించి ఉంచింది నూకమ్మ. బతికుందని చూపించింది నేను. ఆ చూపించే పనిలో నాకన్నా బాగా చేసేవాళ్ళు బరంపురంలో ఉంటే మీరే చెప్పండి.