జిగురు వదిలిన చేతులు

పరిశోధనశాలలో ఆమె అందరికీ వదినే. వయసులో పెద్దదైన డాక్టరమ్మ కూడా అలాగే పిలుస్తుంది. ఆకు ఆరబెట్టే గది వదినది. వెనక మడిలో ఆకు కోసి, వలల మీద పరిచి, నీడన ఆరి గలగలమన్నాక సంచికెత్తి పైఅంతస్తుకు పంపుతుంది. అక్కడ డాక్టరమ్మ దాని సారం తీసి, పుండ్లకు చీము పట్టించే సూక్ష్మజీవి మీద చుక్క వేసి చూస్తుంది.

ఇలాంటి చోట్లు చూస్తూ నేను చాలా ఊళ్ళు తిరిగాను. ఆకును గుడ్డిగా నమ్మేవాళ్ళున్నారు, ఆకంటేనే నవ్వేవాళ్ళున్నారు. ఆకును ప్రశ్న అడిగి జవాబు కోసం ఓపిగ్గా కూర్చునేవాళ్ళే తక్కువ.

నిరుడు ఈ ఆకు చక్కగా జవాబిచ్చింది. ఈ ఏడు ఎన్నిసార్లు చుక్క వేసినా నోరు మెదపలేదు.

"ఇంకొక్కసారి చూస్తా వదినా. అప్పుడూ కాకపోతే మడి పీకేసి వేరేది వేయమంటున్నారు పైవాళ్ళు," అంది డాక్టరమ్మ.

మొలకలప్పటి నుంచి కంటికి రెప్పలా పెంచిన మడి. ఆ సాయంత్రం వదిన దిగులుగానే ఇంట్లో టీ పెట్టింది. భర్త ఆమె ఇచ్చిన టీ కప్పు అందుకుని తిప్పి చూశాడు.

"ఏమోయ్, ఇదివరకు నీ చేతిలోంచి కప్పు తీసుకోవాలంటే కుస్తీ పట్టాల్సొచ్చేది. ఈమధ్య ఇట్టే వచ్చేస్తోంది. నాకు చెప్పకుండా ఉద్యోగం మానేశావా ఏంటి?"

"మీ వేళాకోళానికి వేళాపాళా లేదు. గదిలోకి ఈ ఏడు కుళాయి వచ్చిందిగా. ఆకుల్ని వేన్నీళ్ళలో ముంచి, సబ్బు స్పాంజితో తుడిచేస్తున్నా. దుమ్మూ పోతుంది, జిగురూ..."

వేళ్ళు ఒకదానికొకటి రాసి చూసుకుంది; జిగురు జాడే లేదు.

మొక్క ఆ జిగురును మన కోసం చేయదు. పాకివచ్చే పురుగు కాళ్ళు కట్టేయడానికి, తెగులును ఆపడానికి చేసుకుంటుంది. కాపలావాడు గుమ్మం బయటే కదా ఉంటాడు, జిగురూ ఆకు పైనే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే వదిన పైఅంతస్తుకు వెళ్ళి, "కొంప ముంచింది నేనే డాక్టరమ్మా," అని అంతా చెప్పింది.

"ఇద్దరం కలిసే ముంచాం. దుమ్ముందని సణిగింది నేనేగా."

"మీరు దులపమన్నారు. గిన్నెల్లా తోమింది నేను."

కడగని ఆకు మళ్ళీ ఆరింది, మళ్ళీ పైకెళ్ళింది. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మే గాజుపళ్ళెం పట్టుకుని కిందికి దిగింది. పళ్ళెమంతా సూక్ష్మజీవి పెరిగి మసక. చుక్క వేసినచోట మాత్రం చుట్టూ తేటగా వలయం. సూక్ష్మజీవి దాని దరిదాపులకు రాలేదు.

"అయితే మందు దొరికినట్టేనా?"

"అప్పుడేనా? గాజుపళ్ళెం వేరు, మనిషి ఒళ్ళు వేరు. ఇంకా ఏళ్ళ పని. మడి మాత్రం ఉంటుంది."

"నాకది చాలు."

ఆ సాయంత్రం కప్పు అందుకోబోయి భర్త లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు.

"మళ్ళీ ఉద్యోగంలో చేరావన్నమాట," అన్నాడు.