అక్క పేరుతో తెరిచిన రిపోర్టు

యానాం నుంచి పుదుచ్చేరి వచ్చిన రెండో ఏడాది నేనొక తప్పు చేశాను. దాన్ని దాచుకోవడం ఇంకా పెద్ద తప్పు.

అప్పట్లో నేను పనిచేసింది ఎనిమిది మంది ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో. రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబ్ నుంచి రిపోర్టులను నెట్ ద్వారా ఆసుపత్రుల కంప్యూటర్లకు తెచ్చే ప్రోగ్రాం మాది. ఒక్కో ఆసుపత్రికి ల్యాబ్ ఒక్కో యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చేది. వాటిని ప్రోగ్రాంలో పెడితే ఆ ఆసుపత్రికి తన రోగుల రిపోర్టులు మాత్రమే కనిపిస్తాయి. వాటిని పెట్టడం నా పని.

ఆ పని నేర్పింది ఆఫీసులో నేను అక్కా అని పిలిచే ఆవిడ. పుదుచ్చేరి పక్కనున్న కిరుమాంబాక్కంలో తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగువాళ్ల అమ్మాయి. తెలుగు మాట్లాడేది గానీ చదవడం వచ్చేది కాదు. నా గోదావరి ‘అండి’ వింటే ఆమెకు నవ్వొచ్చేది. ప్రోగ్రాంను పరీక్షించుకోవడానికి ల్యాబ్ ఆమెకు విడిగా ఒక యూజర్ పేరు ఇచ్చింది. దాంతో అన్ని ఆసుపత్రుల రిపోర్టులూ తెరుచుకునేవి.

ఊళ్లోనే ఉప్పళం అనే పేటలో ఒక క్లినిక్‌కి ప్రోగ్రాం సోమవారానికల్లా కావాలన్నారు. వాళ్ల పాస్‌వర్డ్ రావడానికి ఇంకా పది రోజులు పట్టేలా ఉంది.

“అక్కా, అప్పటిదాకా మీది పెట్టేస్తానండి,” అన్నాను.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. “అది అన్నీ తెరుస్తాది గదా తమ్ముడూ,” అంది. నేను మళ్లీ అడిగాను. “సరి, పెట్టుకో. కొత్తది వచ్చినాక నాది తీసెయ్యాల. మర్చిపోబాక.”

కొత్తది వచ్చింది. క్లినిక్‌లో అంతా నడుస్తోంది కదా, తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. పాస్‌వర్డ్‌ను ఎవరూ చదవలేని రూపంలోకి మార్చి దాచాలి. ఆ అరపూట పని కూడా చేయలేదు. అక్క పేరు, పాస్‌వర్డు ఆ క్లినిక్ కంప్యూటర్‌లో ఎవరైనా తెరిచి చదవగలిగే ఫైల్లో ఐదు నెలలు ఉండిపోయాయి.

ఒకరోజు పొద్దున ఒకావిడ ల్యాబ్‌కి వచ్చి కౌంటర్ ముందు కూలబడిందట. ఉప్పళంలో చిన్నపిల్లల బడిలో ఆయా. భర్త పోయాక, వీధిలో ఎవరికీ తెలియకూడదని ఊరి అవతలి ఆసుపత్రికి వెళ్లి హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకుంది. ఫలితం తన అక్కచెల్లెళ్లకు కూడా చెప్పలేదు. అయినా వారం తిరక్కుండా వీధంతా తెలిసిపోయింది. బడివాళ్లు రావద్దన్నారు. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఖాళీ చేయమన్నారు. “ఎవరు చెప్పారు?” ఆవిడ అడిగింది అదొక్కటే.

ఆ రిపోర్టు ఎవరు తెరిచారో ల్యాబ్‌వాళ్లు కంప్యూటర్లో వెతికారు. ఆ రిపోర్టు రెండుసార్లు అక్క పేరుతో తెరిచినట్టు ఉంది.

మేనేజరు మమ్మల్నందర్నీ గదిలోకి పిలిచి, ల్యాబ్ పంపిన ఆ వివరాల కాగితం బల్ల మీద పెట్టాడు. నాకు క్షణంలో అర్థమైంది. ఆ క్లినిక్‌లో చీటీలు రాసే గుమస్తాది ఆయా ఉండే వీధే. పాస్‌వర్డ్ ఉన్న ఫైలు ఎలా తెరుచుకుంటుందో ఒకసారి నన్నే అడిగి తెలుసుకున్నాడు.

అక్క కాగితం చదివి నా వైపు చూసింది. నోరు తెరవడానికి నాకు చాలా సమయమే దొరికింది. నేను బల్ల అంచు చూస్తూ కూర్చున్నాను.

“పాస్‌వర్డ్ నాదే సార్,” అంది చివరికి. “నేను తెరవలా.”

ఆమెను ఆ సాయంత్రమే పనిలోంచి పంపించేశారు.

మర్నాడే క్లినిక్ ప్రోగ్రాంలో అక్కది తీసేసి వాళ్ల పాస్‌వర్డ్ పెట్టాను. మూడు రోజుల తర్వాత మేనేజరుకు నిజం చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చాడు. “ల్యాబ్‌వాళ్లు ఒక పేరు అడిగారు, ఇచ్చాం. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టకు,” అన్నాడు. నేను మొదలుపెట్టలేదు.

ఆదివారం కిరుమాంబాక్కం వెళ్లాను. అక్క వాళ్ల ఎరువుల కొట్లో కూర్చుని ఉంది. లోపలికి రమ్మనలేదు. క్షమించమన్నాను.

“నాకు వేరే పని దొరుకుతాది. ఆయమ్మ యాడుండాదో చూసినావా?”

“లేదండి.”

“మరి నా కాడికి ఏంటికి వచ్చినావు?”

తిరుగు బస్సులో ఉప్పళం వెళ్లాను. ఆయా ఉన్న ఇంటికి కొత్తగా సున్నం వేస్తున్నారు. ఆవిడ కూతుర్ని తీసుకుని వెళ్లిపోయిందని, ఎక్కడికో చెప్పలేదని పక్కింటామె తమిళంలో అంది. “నువ్వెవరు?” అని అడిగింది. తెలిసినవాణ్ణని అబద్ధం చెప్పాను.

ఆ సంగతి అక్కకు ఫోన్ చేసి చెప్పాను. విని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. నేను ఆ ఆఫీసులో ఇంకో రెండేళ్లు పనిచేశాను. అక్క కూర్చున్న కుర్చీ నాకే ఇచ్చారు.