సున్నా నుంచి లెక్కపెట్టిన కట్ట

భూముల కొలతల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా గుమస్తాగిరీ వెలగబెడుతున్న ఆ పెద్దమనిషిని అక్కడ అందరూ కెప్టెన్‌గారు అంటారు. మొదట్లో వెటకారంగానే అన్నారు. ఆయనకది వెటకారంగా తోచక, పిలిచిన ప్రతిసారీ మహా సంబరంగా లేచి నిలబడేసరికి, అనేవాళ్ళకే సిగ్గేసి చివరికి ఆ పిలుపే ఖాయమైపోయింది. చొక్కా జేబు మీద వెండిరంగు ఓడ బిళ్ళ ఒకటి పెట్టుకుంటాడు.

ఆ ఓడ సంగతి చెప్పాలి. ఆయనకు పంతొమ్మిదేళ్ళప్పుడు టీవీలో 'దూరనౌక' అనే సీరియల్ వచ్చేది. మూడు వందల ఏళ్ళు పోతే గాని చేరని నక్షత్రం కోసం బయల్దేరిన జనం కథ. అట్టపెట్టెలకు వెండికాగితం అంటించి చేసిన ఓడ, పైన వేలాడదీసిన తీగలతో సహా కనిపించేది. కనిపిస్తే ఏం? ప్రతి భాగం మొదట్లో ఓడ కెప్టెనమ్మ నడవాలన్నీ తిరుగుతూ ఒక్కొక్కరి భుజం తాకి లెక్కపెట్టేది. ముందుగా ఎవరూ లేని చోట గాలిలో చెయ్యి ఆనించి, 'సున్నా' అనేది. అది ఇంకా పుట్టని బిడ్డకి. ఆ తరవాతే ఒకటి, రెండు. చూసిన ప్రతిసారీ ఆ కుర్రవాడికి ఒళ్ళు జలదరించేది.

ఆఖరి భాగం రావలసిన ఆదివారం నాడే దేశమంతా ఓట్ల లెక్కింపు వచ్చిపడింది. ఎక్కడో ఒక్క నియోజకవర్గం తేలలేదు. టీవీవాళ్ళు ఆ లెక్కే చూపిస్తూ కూర్చున్నారు, ఓడ ఊసే ఎత్తలేదు. వారం తిరిగేసరికి కొత్త ప్రభుత్వం, టీవీకి కొత్త అధికారులు, పాత సీరియళ్ళన్నీ అటక మీదికి. జనం నక్షత్రాన్ని చేరారో, దారిలోనే పోయారో ఎవరికీ తెలియకుండా పోయింది. ఇదంతా ఎవడో లెక్క రాని దద్దమ్మ చేసిన నిర్వాకమని ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆయన తిట్టని రోజు లేదు. పైగా ఖర్మ కాకపోతే, ప్రతి ఎన్నికకూ లెక్కింపు డ్యూటీ ఆయనకే పడేది.

ఊళ్ళో ఇలాంటి పిచ్చివాళ్ళు మొత్తం పన్నెండు మంది. నెలకోసారి ఒక దర్జీ దుకాణంలో చేరి, ఓడ దుస్తులు తొడుక్కుని, ఆఖరి భాగంలో ఏం జరిగి ఉంటుందో గొంతులు పోయేలా వాదించుకునేవారు. చేరారని దర్జీ, చేరలేదని పళ్ళ డాక్టరమ్మ. ఇక ఓట్ల దగ్గరికొస్తే ఆ పన్నెండు మందిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారం. అందుకే దుకాణంలో రాజకీయం ఎత్తినవాళ్ళు ఆ నెల అందరి దుస్తులూ ఇస్త్రీ చెయ్యాలని కట్టుబాటు పెట్టుకున్నారు. దర్జీ చాలా నెలలు ఇస్త్రీ చేశాడు.

ఈ ఏడాది ఆ టేపు దొరికింది. టీవీ గోదాములో ఏదో బీరువా వెనక పడి ఉందట. ఓట్ల లెక్కింపు రోజు సాయంత్రం నాలుగింటికి, ఫలితాలు అయిపోగానే వేస్తామని చెప్పారు. కెప్టెన్‌గారు సెలవు అడిగాడు, ఇవ్వలేదు.

"తరవాత ఫోన్లో చూపిస్తాలే నాన్నా," అంది కూతురు.

"అందరూ చూసే నిమిషంలోనే చూడాలమ్మా. అప్పుడు అందరం కలిసే కదా పోగొట్టుకున్నాం," అన్నాడాయన.

"అయితే గబగబా లెక్కపెట్టి వచ్చెయ్యండి," అంది భార్య. "ఇన్నేళ్ళు ఆగిన ఓడ, నాలుగింటి దాకా ఆగదా ఏం?"

లెక్కింపు ఒక పెద్ద ఆటల హాల్లో పెట్టారు. ఫోన్లు బయట వదిలెయ్యాలి. బల్లకి ఇద్దరు చొప్పున పద్నాలుగు బల్లలు. కెప్టెన్‌గారు తడి స్పాంజికి బొటనవేలు అద్ది, ఒక్కో పార్టీ ఓటు కాగితాలు యాభై లెక్కపెట్టి తోస్తే, ఎదురుగా కూర్చున్న టీచరమ్మ దారం చుట్టి కట్ట కట్టేది. మూడింటికి పదమూడు బల్లలు తేలాయి. ఈ బల్ల తేలలేదు. రిజిస్టరులో నాలుగు వేల మూడు వందల పన్నెండు ఓట్లు, బల్ల మీద నాలుగు వేల మూడు వందల పదకొండు. కట్టలన్నీ మళ్ళీ కూడారు. అప్పుడూ ఒకటి తక్కువే.

"ఒక్క ఓటేగా మాస్టారూ," అన్నాడు గెలవబోతున్న పార్టీ ఏజెంటు, సిమెంటు దుకాణం ఆయన. "మాది నలభై వేల మెజారిటీ."

పై అధికారిణి కూడా గడియారం చూసుకుంది. "ఓటరెవరో కాగితం పెట్టెలో వెయ్యకుండా జేబులో పెట్టుకుపోయి ఉంటారండీ. అలా రాసి సంతకాలు చేయించండి, అయిపోతుంది."

కెప్టెన్‌గారి ప్రాణం లేచి వచ్చింది. టైము మూడూ ఇరవై, దర్జీ దుకాణం పది నిమిషాల దూరం. గబగబా రాసేశాడు. ఏజెంట్లు ఐదుగురూ సంతకాలు పెట్టారు. ఆయన వేలు పెట్టి లెక్కచూస్తే నాలుగే వచ్చాయి. మళ్ళీ చూశాడు. నాలుగే.

"ఐదున్నాయి కదండీ," అంది టీచరమ్మ. "మీరేంటి, సున్నా అంటూ మొదలుపెట్టారు?"

ఆయనకప్పుడు వెలిగింది. మధ్యాహ్నం పక్క బల్లవాళ్ళు సాయంత్రం ఓడ సీరియల్ వస్తుందట అని చెప్పుకుంటుంటే విన్నాడు. వేళ్ళు కాగితాల మీదే ఉన్నాయి గాని మనసు ఓడెక్కి పోయింది. అప్పుడొక కట్టని సున్నాతో మొదలుపెట్టి ఉంటాడు. దాంట్లో యాభై ఒకటి ఉన్నాయి. అది ఎనభై ఆరు కట్టల్లో ఏదో దేవుడికే తెలియాలి.

ఎవరికీ తెలియదు. కాగితం మీద సంతకాలు కూడా అయిపోయాయి. లేచి వెళ్ళిపోతే అడిగేవాడు లేడు. ఆయనకు వెళ్ళిపోవాలనే ఉంది, ఏడ్చేటంతగా ఉంది. కానీ ఎవరో ఒక మనిషి పొద్దున్నే లేచి, వరసలో నిలబడి, ముద్ర వేసి, మడిచి, బుద్ధిగా పెట్టెలో వేసి ఇంటికెళ్ళాడు. ఆ మనిషే కాగితం జేబులో వేసుకుపోయాడని ఈయన తన చేత్తో రాశాడు.

కాగితం చింపేశాడు. "తప్పు నాదండీ. కట్టలన్నీ విప్పాలి."

సిమెంటాయన ఒంటికాలి మీద లేచాడు. "బయట మావాళ్ళు బాణాసంచా పట్టుకుని నిలబడ్డారు. మీకు మతి పోయిందా?"

"ఓడిపోయింది మేము. మాకే లేని పట్టింపు మీకెందుకండీ?" అని ఎదుటి పార్టీ ఏజెంటు మొత్తుకున్నాడు.

అధికారిణి మొహం మాడ్చుకుని, "కానివ్వండి," అంది.

ఒకటి, రెండు, మూడు. ప్రతి కట్టా ఏజెంట్ల ఎదుట విప్పడం, లెక్కపెట్టడం, మళ్ళీ కట్టడం. నాలుగు దాటింది. ఆయన గడియారం వైపు చూడలేదు. నలభై కట్టలయ్యాక నడవాలో టీవీ దగ్గర ఉన్న పోలీసాయన లోపలికి తొంగిచూశాడు. "మేడమ్, దేశం మొత్తానికి మన హాలొక్కటే మిగిలిందట. ఇది తేలేదాకా ఆ ఓడ సీరియల్ వెయ్యరట. జనం ఒకటే తిట్లు."

కెప్టెన్‌గారి బొటనవేలు ఆగిపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట కూడా ఇలాంటి హాలే, ఇలాంటి స్పాంజే అయ్యుండవచ్చు. చుట్టూ అందరూ పోనిద్దురూ అంటుంటే ఒకడు పోనివ్వకుండా కూర్చుని ఉంటాడు. ఎక్కడో ఒక కుర్రవాడు తనని తిడుతున్నాడని వాడికేం తెలుసు? ఆ మనిషి ఎవరో, ఉన్నాడో పోయాడో గాని, కెప్టెన్‌గారు మనసులోనే ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టుకున్నాడు.

అరవై రెండో కట్టలో యాభై ఒకటి ఉన్నాయి. ఆ కట్ట గెలిచిన పార్టీది, కాబట్టి ఆ ఒక్కటీ వాళ్ళదే. దానితో ఏమీ మారలేదు, నలభై వేల చిల్లర మెజారిటీకి ఒకటి కలిసిందంతే. మిగతా కట్టలు కూడా చూసేసరికి ఐదున్నర దాటింది. ఆయన ఫారం మీద నాలుగు వేల మూడు వందల పన్నెండు అని రాస్తుంటే టీచరమ్మ కూడా బల్ల మీదికి వంగి చూసింది. ఇంతమంది, ఎవరికెవరో తెలియనివాళ్ళు, ఒక్కరూ తప్పిపోకుండా ఈ బల్ల మీదికి వచ్చారు కదా అనుకునేసరికి ఆయన ఆ అంకెను ఇంకోసారి వేలితో తడిమాడు.

ఫలితం ప్రకటించారు. మరుక్షణం నడవాలో సీరియల్ పాట మొదలైంది. కానీ పెట్టెలకు లక్కముద్రలు వెయ్యాలి, ప్రతి ముద్ర పక్కనా ఆయన సంతకం ఉండాలి. వేస్తూనే ఉన్నాడు. హాలు ఖాళీ అయిపోయింది. ఆఖరి సంతకం పెట్టి పరుగెత్తి, నడవా గుమ్మంలో నిలబడిపోయాడు.

ఆ చిన్న టీవీ ముందు నలభై మంది ఉన్నారు. పొద్దుటి నుంచి ఒకరి మీద ఒకరు అరుచుకున్న ఏజెంట్లు, గుమస్తాలు, పోలీసులు, అధికారిణి. అందరి కళ్ళూ తెర మీదే. ఊళ్ళో పన్నెండు మందే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

సిమెంటాయన వెనక్కి తిరిగి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "జరగండయ్యా, మాస్టారొచ్చారు," అని ఆయన చెయ్యి పట్టుకుని ముందుకు లాగాడు. "చిన్నప్పుడు మా అక్కా నేనూ చూసేవాళ్ళం మాస్టారూ. అయిపోవస్తోంది, చూడండి. తలుపు తీస్తున్నారు."

కెప్టెన్‌గారు చూశాడు గాని, కళ్ళనిండా నీళ్ళు. తెర మీద వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏముంది?" అన్నాడు. "బయట ఏముందయ్యా?"

"నేల," అన్నాడు సిమెంటాయన, చెయ్యి వదలకుండా. "నేలే మాస్టారూ. గడ్డి కూడా ఉంది. పిల్లలు దిగుతున్నారు."