డెన్మార్క్‌లో ఒక్క నంబరు, పెద్దవంగరకు మూడు బండ్లు

ఈ ప్రయాణం కుళ్లుతో మొదలైంది. హైదరాబాదు ల్యాబులో నా పక్కనే కూర్చుని రక్తం సీసాలకు పేర్లు అతికించిన సునీత ఇప్పుడు డెన్మార్క్‌లో పరిశోధన చేస్తోంది. అక్కడ ప్రతి మనిషికీ పుట్టగానే ఒక నంబరు ఇస్తారట. ఆసుపత్రి కాగితాలన్నీ దానికే ముడిపడి ఉంటాయి. ఒక ఇంట్లో షుగరు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కుర్చీలోంచి లేవకుండానే చూసేస్తుంది. ఆమె ఫోన్లో మురిసిపోతుంటే నాకు కడుపు మండింది.

అదే సంగతి తెలుసుకోవడానికి నాకేమో రక్తం సీసాల ఐసుపెట్టె మోసుకుంటూ మూడు జిల్లాలు. పొద్దున ఆరున్నరకు సికింద్రాబాదులో రైలెక్కి, ఎనిమిది దాటాక జనగామలో దిగాను. అక్కడి కుటుంబం పని గంటలో అయిపోయింది. తర్వాత తొర్రూరు బస్సు, అక్కడి నుంచి పెద్దవంగరకు ముప్పై రూపాయల షేర్ ఆటో. "గా డబ్బల ఐస్‌క్రీములా అక్కా?" అని అడిగాడు డ్రైవరు. నెత్తురన్నాను. పెద్దవంగర దాకా అతను ఆ డబ్బాకు దూరంగా ఒదిగి కూర్చునే బండి నడిపాడు.

అక్కడ రాజవ్వ (పేరు మార్చాను), ఆమె కూతురు, మనవరాలు ఉంటారు. పోయినేడాది ఒకసారి రక్తం తీశాం, ఇది రెండోసారి. ముగ్గురిలో ఒక్కరు కాదన్నా ఆ కుటుంబం మా పరిశోధనలోంచి పోతుంది. కూతురు, మనవరాలు చెయ్యి చాపారు. మిరపకాయలకు తొడిమలు తీస్తున్న రాజవ్వ తల ఎత్తలేదు.

"పోయినేడు తీస్కపోయిన నెత్తురుల ఏముండె బిడ్డా?"

"అది పరిశోధన కోసం అవ్వా."

"గదే అడుగుతున్న. మా అవ్వ షుగరుతోని కండ్లు పోయి సచ్చింది. నాయి గూడ పోతయా? గది చెప్పు, అప్పుడు తియ్యి."

డెన్మార్క్‌లో ఎవరి ఫలితాలు వాళ్లే చూసుకోవచ్చని కూడా సునీత చెప్పింది. అప్పుడు ఆ మాట నా చెవికెక్కలేదు. నంబరు చూసి కుళ్లుకున్నాను గానీ, కుళ్లుకోవాల్సింది దీన్ని చూసి.

ల్యాబుకు ఫోన్ చేశాను. అరగంట తర్వాత జవాబొచ్చింది. రాజవ్వకు షుగరు హద్దు దాటింది. ఏడాదిగా ఆ సంగతి మా కంప్యూటర్లోనే ఉంది. తలదించుకుని చెప్పాను.

"గిన్నొద్దులు నీ తాన్నే ఉన్నదా?" అంది రాజవ్వ. కొంగుతో చేతులు తుడుచుకుని, చెయ్యి చాపింది. "గీసారి ఎప్పుడు చెప్తవ్?"

మూడో కుటుంబం కోసం భూపాలపల్లి జిల్లా చిట్యాలకు వెళ్లాల్సిన బస్సు వదిలేసి, ఆమెను తొర్రూరు దవాఖానకు తీసుకెళ్లాను. మూడు తరాలు ఒక్క గడపలో దొరికే మన ఊళ్లను చూసి ఏ దేశమైనా కుళ్లుకోవాలి. అయినా ఇంకా నేనే కుళ్లుకుంటున్నాను. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్కటే మాట: పోయినసారి ఫలితాలు కాగితం మీద రాసుకుని వెళ్లండి, సూది తీసేముందు అవి చదివి చెప్పండి. చిట్యాలకు నేను రేపు అలాగే వెళ్తున్నాను, ఏడాది ఆలస్యంగా.